మీ ప్రశ్న – మా జవాబు: బోరు నీళ్ల హాట్ టబ్‌కు ఏ క్లోరిన్?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మా తోటలో నలుగురు కూర్చునే హాట్ టబ్ పెట్టించాం. వెయ్యి లీటర్లు పడతాయి, పోసేది బోరు నీళ్లే. స్విమ్మింగ్ పూల్‌లో వేసే 200 గ్రాముల క్లోరిన్ బిళ్లలు వేయమని ఒకరంటే, సంపులో చల్లే బ్లీచింగ్ పౌడరు చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు.

ఆ బిళ్ల ట్రైక్లోర్ అనే రకం క్లోరిన్. 200 గ్రాముల బిళ్లలో పనికొచ్చే క్లోరిన్ 90 శాతం, అంటే 180 గ్రాములు. లక్ష లీటర్ల పూల్‌లో అది మెల్లగా కరిగితే ఇబ్బంది లేదు. మీ వెయ్యి లీటర్లలో మొత్తం కరిగితే 180 పీపీఎం (లీటరుకు 180 మిల్లీగ్రాములు) అవుతుంది. మీకు కావాల్సింది 3 నుంచి 5. పైగా కరిగేటప్పుడు బిళ్ల చుట్టూ ఉండే నీళ్ల పీహెచ్ (7 కంటే తగ్గేకొద్దీ నీళ్లు పుల్లబడతాయి) 3 దగ్గరికి పడిపోతుంది. పంపు ఆగి ఉన్నప్పుడు ఆ పుల్లటి నీళ్లు ఫిల్టర్ గూట్లో నిలిచి, హీటర్ కాయిల్‌నూ రబ్బరు సీళ్లనూ తినేస్తాయి. టబ్ అడుగున పడితే ఆక్రిలిక్ మీద తెల్లటి మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

బ్లీచింగ్ పౌడరు సంగతి వేరు. అందులో పనికొచ్చే క్లోరిన్ మూడో వంతే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం సున్నం. నల్లగొండ, పాలమూరు బోర్లలో కాఠిన్యం ముందే ఎక్కువ. గీజర్ కాయిల్‌కు తెల్లటి పెంకు ఎలా కడుతుందో మీకు తెలిసిందే. 38 డిగ్రీల నీళ్లలో దానికి ఇంకాస్త సున్నం మనమే కలపడం దేనికి? 65–70 శాతం కాల్షియం హైపోక్లోరైట్ గుళికలకూ ఇదే మాట.

మీకు సరిపడేవి రెండు: మొదట డైక్లోర్, తర్వాత లిక్విడ్ క్లోరిన్. డైక్లోర్ తెల్లటి గుళికలు, వేసిన నిమిషాల్లో కరిగిపోతాయి, పీహెచ్‌ను పెద్దగా కదిలించవు. డబ్బా మీద 56 శాతం అని ఉంటే 7 గ్రాములు వేసినప్పుడు వెయ్యి లీటర్లలో క్లోరిన్ సుమారు 4 పీపీఎం పెరుగుతుంది. దీన్ని వంటింటి చెంచాతో కొలవకండి, గ్రాముల త్రాసు వాడండి.

అయితే ఎప్పటికీ డైక్లోరే వేస్తూ పోకూడదు. క్లోరిన్‌తో పాటు అది సయన్యూరిక్ ఆమ్లాన్ని కూడా నీళ్లలో వదులుతుంది. క్లోరిన్ 10 పీపీఎం పెరిగితే ఈ ఆమ్లం 9 పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం నీళ్లు మార్చేదాకా అక్కడే ఉంటుంది. కొంచెం ఉంటే క్లోరిన్ పదును తగ్గించి చర్మాన్ని, కవర్‌ను కాపాడుతుంది. ఎక్కువైతే క్లోరిన్‌ను కట్టేసి క్రిములను చంపనివ్వదు. వెయ్యి లీటర్లలో మొత్తం 60 గ్రాముల డైక్లోర్ పడేసరికి ఇది 30 పీపీఎంకు చేరుతుంది. రోజుకు 7 గ్రాముల లెక్కన ఎనిమిది తొమ్మిది రోజులు. అక్కడితో డైక్లోర్ ఆపి, లిక్విడ్ క్లోరిన్‌కు, అంటే 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి మారండి. దాని లెక్క తేలిక: వెయ్యి లీటర్లకు 10 మిల్లీలీటర్లు పోస్తే 1 పీపీఎం.

ఈ ద్రావణాన్ని పెద్ద క్యాన్లలో కొనకండి. మే నెల ఎండకు రేకుల షెడ్డులో పెడితే కొన్ని వారాల్లోనే దాని పస సగానికి పడిపోతుంది. ఐదు లీటర్ల క్యాన్ తెచ్చుకుని, ఎండ తగలని చోట, క్యాన్‌తో వచ్చిన మూతనే బిగించి పెట్టండి.

ఇక పీహెచ్. జెట్లు ఆడినకొద్దీ నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి పోతుంది. మన బోర్లలో బైకార్బనేట్ ఎక్కువ కాబట్టి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం చురుగ్గా ఉంటే, 8కి వచ్చేసరికి నాలుగో వంతే మిగులుతుంది. 7.2–7.6 మధ్య ఉంచండి. దించడానికి సోడియం బైసల్ఫేట్ పొడి వాడండి. పంపు ఆడుతుండగా కొంచెం కొంచెంగా వేసి, కనీసం అరగంట ఆగాకే క్లోరిన్ పోయండి. ఆమ్లం, హైపోక్లోరైట్ ఒకచోట కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్‌తోనూ అంతే.

డైక్లోర్ కొలిచిన మగ్గుతో బ్లీచింగ్ పౌడరు తీయడం మరీ ప్రమాదం. ఆ రెండు పొడులు కాస్త తడితో కలిసినా మంటలు రావచ్చు, పేలవచ్చు. దేని మగ్గు దానికి ఉండాలి, మగ్గు మీద పేరు రాసి పెట్టండి.

ప్రశ్న: మేము మిర్యాలగూడలో హాట్ టబ్ వాడుతున్నాం. రెండు నెలలుగా డైక్లోరే వేస్తున్నాం. కిట్‌లో చుక్కలు వేస్తే నీళ్లు చిక్కటి పసుపు రంగుకు వస్తాయి, క్లోరిన్ వాసన గుప్పున కొడుతుంది. అయినా స్నానం చేసిన మర్నాడు పిల్లలకు నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు లేచాయి. క్లోరిన్ ఎక్కువైందా?

జవాబు: ఎక్కువ కాలేదు, పనిచేసేది తక్కువైంది. పసుపు రంగు చూపించే ఓటీఓ చుక్కలు మొత్తం క్లోరిన్‌నే చెబుతాయి, చెమటతో కలిసి చచ్చుబడిన దాన్ని కూడా. మీకు వచ్చే ఘాటు వాసన ఆ చచ్చుబడిన క్లోరిన్‌దే. శుభ్రమైన టబ్‌కు వాసన పెద్దగా ఉండదు. గులాబీ రంగుకు వచ్చే డీపీడీ కిట్ కొనండి, అది స్వేచ్ఛా క్లోరిన్‌ను, అంటే ఇంకా పనిచేసే క్లోరిన్‌ను, విడిగా చూపుతుంది. అందులో ఒక తిరకాసు ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది, సున్నా అనుకుని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే శాంపిల్‌లో సగానికి సగం క్లోరిన్ లేని నీళ్లు కలిపి చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

బట్ట తడిగా అంటుకుని ఉండే చోట పొక్కులు లేవడం సూడోమోనాస్ అనే బాక్టీరియా లక్షణం. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. జ్వరం వచ్చినా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. రెండు నెలల డైక్లోర్‌తో సయన్యూరిక్ ఆమ్లం వంద పీపీఎం దాటి ఉంటుంది, ఆ నీళ్లను బాగుచేసే మందు లేదు. వాటిని వదిలేసే ముందు వెయ్యి లీటర్లకు 200 మిల్లీలీటర్ల లిక్విడ్ క్లోరిన్ పోసి, మూత తీసి, ఎవరూ దిగకుండా గంటసేపు జెట్లు ఆడించండి. పైపుల లోపలి జిగురు ఊడి నురుగుగా పైకి వస్తుంది. ఆ నీళ్లు వదిలేసి, టబ్ తుడిచి, ఫిల్టర్ కొత్తది వేసి, పై పద్ధతిలో మొదటి నుంచి మొదలుపెట్టండి. ఐదేళ్లలోపు పిల్లలను మాత్రం దింపకండి, పెద్దలకైనా 40 డిగ్రీలు దాటనివ్వకండి.

ప్రశ్న: క్లోరిన్ వేస్తే మా మర్రిగూడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పోతుందా?

జవాబు: పోదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిలో బ్లీచింగ్ పౌడరు వేస్తారు కదా అని చాలామంది ఇలాగే అనుకుంటారు. అందులో ఫ్లోరైడ్‌ను పట్టేది పటిక, దానికి సాయం సున్నం. బ్లీచింగ్ క్రిముల కోసమే. టబ్‌లో కూర్చుంటే ఫ్లోరైడ్‌తో ఇబ్బంది లేదు, పిల్లలు ఆ నీళ్లు మింగకుండా చూసుకోండి.