ఐదు కోట్లు దాటకముందే బిల్లులు చక్కబెట్టుకో

చిరంజీవి మేనల్లుడికి,

చీమకుర్తి నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ టర్నోవరు ఈ ఏడు 5 కోట్లు దాటేలా ఉందనీ, అమ్మకం బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌కి పంపి నంబరు వేయించుకునే ఈ-ఇన్వాయిస్ సంగతి దాటాక చూసుకుంటాననీ అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

2020 అక్టోబరులో ఇది మొదలైనప్పుడు టర్నోవరు 500 కోట్లు పైబడిన కంపెనీలకే. మూడు నెలలకి 100 కోట్లన్నారు. 2021 ఏప్రిల్‌కి 50, 2022లో ముందు 20, తర్వాత 10, 2023 ఆగస్టుకి 5 కోట్లు. మన గెలాక్సీ రాయి వ్యాపారంలో చాలామంది ప్రతిసారీ "మనదాకా రాదులే" అనే అన్నారు. మూడేళ్లు తిరక్కుండానే వచ్చింది.

జరిమానా భయంతో పద్ధతి మార్చుకున్నవాళ్లని నేను పెద్దగా చూడలేదు. డబ్బు ఆగితేనే మారతారు. ప్రభుత్వం పట్టుకున్న కిటుకు కూడా అదే. ఈ-ఇన్వాయిస్ తీయాల్సినవాడు తీయకుండా ఇచ్చిన బిల్లు రూల్ ప్రకారం బిల్లే కాదు. అది బిల్లు కాకపోతే కొన్నవాడి ఇన్‌పుట్ క్రెడిట్‌కి, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే హక్కుకి ముప్పు. కాబట్టి నిన్ను ముందు నిలదీసేది ఆఫీసరు కాదు, నీ దగ్గర స్లాబులు కొన్న బెంగళూరు బిల్డరు. బిల్లు మీద పోర్టల్ ఇచ్చే నంబరు, అదే ఐఆర్ఎన్, లేకపోతే పేమెంటు ఆపేస్తాడు.

డబ్బు ఆగితేనే మారతారన్నది ఎగుమతుల్లో ఇంకా బాగా కనబడింది. కస్టమ్స్‌లో కంప్యూటర్ మీద షిప్పింగ్ బిల్లులు, అంటే సరుకు ఎగుమతికి ఇచ్చే పత్రాలు, 1990లలోనే మొదలయ్యాయి. కానీ ఆ పనంతా చెన్నైలో కస్టమ్స్ ఏజెంటు (సీహెచ్ఏ) చూసుకునేవాడు, ఇక్కడ గుమాస్తా తోచినట్టు బిల్లు రాసి పంపేవాడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. పన్ను కట్టి ఎగుమతి చేసినవాళ్లకి షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు అయింది. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో బిల్లు నంబరూ షిప్పింగ్ బిల్లులో నంబరూ కలిస్తేనే రీఫండ్, లేకపోతే ఎస్‌బీ005 అని ఎర్రరు. మనకు తెలిసిన ఒకాయన ఎగుమతికి ఒక నంబరూ, జీఎస్టీకి ఇంకో నంబరూ వాడేవాడు. రీఫండ్ నెలల తరబడి ఆగి, కరెంటు బిల్లుకి కూడా వడ్డీకి తెచ్చాడు. ఇప్పుడు ఆయన ఆఫీసులో రాసినంత శుభ్రంగా బిల్లు రాసేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు.

సరే, నువ్వు చేయాల్సింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా బిల్లులోని ప్రతి గడీ ఒకే పద్ధతిలో పోర్టల్‌కి చేరాలని ప్రభుత్వం ఐఎన్‌వీ-01 అనే నమూనా పెట్టింది. బిల్లు వివరాలు అందులో పంపితే 64 అక్షరాల ఐఆర్ఎన్, క్యూఆర్ కోడ్ తిరిగొస్తాయి. పంపడం నిమిషం పని. చిక్కంతా నీ ఐటమ్ మాస్టర్లోనే, అంటే కంప్యూటర్లో సరుకుల జాబితాలోనే ఉంది. నీ దగ్గర ఒకే స్లాబు ఒకచోట "అడుగులు", ఒకచోట "ఫీట్", మరోచోట "నగ్" అని ఉంది, నేను చూశా. స్లాబుకి ఎస్‌క్యూఎఫ్ (చదరపు అడుగులు), బ్లాకుకి సీబీఎం (ఘనపు మీటర్లు), అంతే. సరుకు కోడు హెచ్ఎస్ఎన్ బ్లాకుకి 2516తో, పాలిష్ చేసిన స్లాబుకి 6802తో మొదలవుతుంది, ఆరంకెలూ వేయించు. బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, సున్నాతోనో గీతతోనో మొదలవకూడదు. పార్టీల జీఎస్టీ నంబర్లూ పిన్‌కోడ్లూ ఒకటొకటిగా సరిచూడు. విసుగు పుట్టించే పనే, అయినా ఇప్పుడే చెయ్యి.

కొలతల సంగతి మరీ జాగ్రత్త. అంచులకి వదిలే అలవెన్సు తీసేసిన నెట్ కొలత ఖాయమయ్యాకే ఐఆర్ఎన్ తియ్యి. తీశాక దిద్దడం కుదరదు. 24 గంటల్లోపు రద్దు చేయొచ్చు గానీ సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు నడుస్తుంటే అదీ కుదరదు, క్రెడిట్ నోటు రాసుకోవాల్సిందే. "లారీ ఎక్కాక చూద్దాం" అనే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

టర్నోవరు పాన్ మీద లెక్క. హైదరాబాదు గోడౌనుకి వేరే జీఎస్టీ నంబరున్నా రెండూ కలిపే చూస్తారు, ఎగుమతులూ కలుస్తాయి. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడు దాటినా, తర్వాత తగ్గిందని తప్పించుకోలేవు. ఈ ఏడు దాటితే ఏప్రిల్ 1 నుంచి నీకు తప్పదు. జీఎస్టీ నంబరు లేని, ఇల్లు కట్టుకునేవాళ్లకి అమ్మే బిల్లులకి మాత్రం ఈ-ఇన్వాయిస్ అక్కర్లేదు.

ఖరీదైన ప్యాకేజీ అమ్మచూపేవాళ్లు వస్తారు, కొనకు. నీకున్న బిల్లులకి ప్రభుత్వ పోర్టల్లో ఉచితంగా ఇచ్చే సాధనమే చాలు. టర్నోవరు హద్దుని మెట్టుమెట్టుగా దించడం ప్రభుత్వం చేసిన మంచి పనే అంటాను. పెద్ద కంపెనీల దగ్గర తప్పులన్నీ తేలాకే మనదాకా వచ్చింది. కానీ వాళ్లకి ఆడిటర్లున్నారు. నలుగురు పనివాళ్లూ ఒక గుమాస్తా ఉన్న ఫ్యాక్టరీకి పక్కన కూర్చుని నేర్పేవాళ్లెవరు? అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎప్పుడూ అడుగుతూనే ఉంటా.

ఫిబ్రవరిలో నీ గుమాస్తా అమ్మాయిని ఒక వారం మా ఆఫీసుకి పంపు. మా అకౌంటెంటు పక్కన కూర్చుని నేర్చుకుంటుంది. వచ్చేటప్పుడు నీ ఐటమ్ లిస్టు, పార్టీల లిస్టు ప్రింటు తీసిచ్చి పంపు, నేనే కూర్చుని దిద్దుతా. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య