నీళ్ళ సంగతి తేలితే కేకు కుదిరినట్టే

చి.ల.సౌ. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఓటీజీ (కరెంటు ఓవెన్) కొన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కూరగాయలు కేకులో కలిపి పిల్లాడికి తెలియకుండా తినిపించాలని నీ ప్లానట. కేకులు చెయ్యి, చాలా బాగుంటాయి. ఆ దొంగాట మాత్రం వద్దు. వాడి ఎదురుగానే క్యారెట్ తురుము, మధ్యలో వాడి నోట్లో కాస్త పెట్టు. అలాగే ఇది ఆరోగ్యానికి మంచిదని ఇంటికొచ్చిన వాళ్ళకి చెప్పకు. అంత పంచదార, అంత నూనె పడ్డాక అది కేకే. కూరగాయ వేసేది రుచికీ, మెత్తదనానికీ. క్యారెట్ హల్వా, సొరకాయ హల్వా తింటూ పెరిగినదానివి, కూరగాయ తీపిలో పడితే ఎలా ఉంటుందో నీకు తెలియనిదా!

మొదటిసారి క్యారెట్‌తోనే చెయ్యి. లెక్క రాసుకో. మైదా 200 గ్రాములు, పంచదార 160, వాసన లేని నూనె 150 మిల్లీలీటర్లు, గుడ్లు 3, క్యారెట్ తురుము 225 గ్రాములు, చిక్కటి పెరుగు రెండు చెంచాలు, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, వంటసోడా అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు. దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా వేస్తారు కానీ నాకు యాలకులే ఇష్టం. అక్రోట్ పలుకులు గుప్పెడు ఉంటే సరే, లేకపోతే జీడిపప్పు వెయ్యి.

మిక్సీ జోలికి పోకు. గ్రేటర్‌లో మధ్యరకం కన్నాల వైపు తురుము, అదీ పిండి కలిపే ముందే. మిక్సీలో వేస్తే ముద్దయి నీరంతా ఒక్కసారే బయటికొస్తుంది. తురుములో అయితే ఆ నీరు లోపలే ఉండి, ఓవెన్‌లో మెల్లగా దిగుతుంది. అందుకే క్యారెట్ కేకు మర్నాడు ఇంకా బాగుంటుంది. చలికాలంలో ఎర్రటి ఢిల్లీ క్యారెట్ దొరికితే వదలకు, దాని తీపే వేరు.

గుడ్లు, పంచదార, నూనె, పెరుగు బాగా గిలకొట్టు, ఎంతసేపైనా ఫరవాలేదు. జల్లించిన పిండి వేశాక మాత్రం గరిటెతో పైకీ కిందికీ కలిపి, తెల్లపిండి కనబడకపోగానే ఆపెయ్యి. ఆపైన కలిపితే మైదా సాగి కేకు గట్టిపడుతుంది. చివర్న తురుము, పలుకులు. పిండి గారెల పిండి కన్నా పల్చగా, దోసెల పిండి కన్నా చిక్కగా ఉండాలి. ఓవెన్ ముందే పది నిమిషాలు వేడెక్కించి, 170 డిగ్రీల్లో మధ్య అరలో పెట్టు. మొదటి అరగంట తలుపు తెరవకు, లోపల పొంగేది కుంగిపోతుంది. నలభై అయిదు నిమిషాలకి పుల్ల గుచ్చి చూడు. పుల్లకి క్యారెట్ పీచు తడిగా అంటుకుంటే కంగారు పడకు, పచ్చిపిండి అంటితేనే ఇంకో అయిదు నిమిషాలు ఉంచు.

మీ అత్తగారు గుడ్డు తినరు కదా, ఆవిడకి చేసేటప్పుడు గుడ్ల బదులు ముప్పావు కప్పు పెరుగు పొయ్యి. కొంచెం బరువుగా వస్తుంది, అంతే.

పంచదార బాగా తగ్గించేద్దామని నువ్వు అనుకుంటావని నాకు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో అదే చేశారు. 1940 జనవరిలో పంచదారకి రేషన్ పెట్టి, తీపికి క్యారెట్ వాడుకోమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. ఆ రేషన్ 1953 దాకా నడిచింది. వాళ్ళకి గతిలేక. పంచదార తీపికే కాదు, కేకులో తేమ పట్టి ఉంచేది కూడా అదే. 130 గ్రాముల దాకా తగ్గించు, అంతకన్నా వద్దు.

క్యారెట్ చెయ్యి తిరిగాక సొరకాయ. టీవీల్లో చూపించే జుకినీ అనే విదేశీ కూరగాయ కోసం సూపర్ మార్కెట్లు తిరగకు, లేత సొరకాయ దానికి తీసిపోదు. కానీ ముందు చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టి చూడు. చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యి. చేదు సొరకాయ విషమే, పంచదారతో ఆ చేదు కప్పెట్టి తింటే ఆసుపత్రి పాలవుతారు. మంచిదైతే చెక్కు, గింజలు, దూది తీసి తురిమి, చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలు వదిలెయ్యి. పల్చటి గుడ్డలో వేసి పిండితే గ్లాసుడు నీళ్ళు కారతాయి. కాయంతా ఇంచుమించు నీరేగా! ఆ నీళ్ళు చపాతీ పిండిలో కలుపుకో. పిండిన తురుము 200 గ్రాములు, మిగతా కొలతలన్నీ క్యారెట్ కేకువే. చప్పటి కూర కాబట్టి నిమ్మతొక్క తురుము వెయ్యి, పచ్చభాగం మాత్రమే.

బీట్‌రూట్ రంగు చూసి మోసపోతారు. పిండి కలిపేటప్పుడు పెళ్ళిపట్టు చీరలా ఉంటుంది, ఓవెన్‌లోంచి తీస్తే మట్టిరంగు. ఆ ఎరుపు వేడికీ, సోడాకీ ఆగదు. అందుకని దాన్ని కోకోతో కలుపు, రంగు గొడవ ఉండదు. చాక్లెట్‌కి ఆ మట్టివాసన భలే నప్పుతుంది. తోక, కాడ కొయ్యకుండా తొక్కతోనే ఉడికించి, చల్లారాక తొక్క తీసి మెత్తగా చెయ్యి.

వేడి కేకు మీద కత్తి పెట్టనివ్వకు, ఎంత అల్లరి చేసినా గంట ఆగాల్సిందే. తేమ ఎక్కువ కాబట్టి మన ఎండల్లో బయట ఒక్కరోజు కన్నా ఎక్కువ ఉంచకు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది, వెన్న బదులు నూనె వేశాం కనుక గట్టిపడదు కూడా.

గుమ్మడికాయతో ఎలా చెయ్యాలో సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను. కాయ నేనే తెస్తాను, నువ్వు కొనకు.

పెద్దమ్మ