బంపర్లు అతికించే పనిలో మావాణ్ణి ఉండనివ్వొచ్చా?

ప్రశ్న: బంగారుపాళ్యం పక్కన పల్లె మాది. మామిడి తోట మీద బతుకుతున్నాం. మావాడు ఇంటర్ రెండో సంవత్సరంలో లెక్కలు, ఫిజిక్స్ తప్పినాడు. తిరుపతిలో టాక్సీ నడిపే మా బావమరిది ఇంటికి పోయి, అక్కడొక టింకరింగ్ షెడ్డులో పనికి కుదిరినాడు. కార్ల బంపర్లు పగిలితే వేడి చేసి అతికిస్తారంట. వాళ్ళ మామ కారు బంపర్ వీడే అతికించినాడంట, ఇంక ఈ పనిలోనే ఉంటానంటాడు. షెడ్డాయన పని నేర్పేదానికి ముప్పై వేలు అడుగుతా ఉన్నాడు. ఇది బతుకుతెరువు అవుతుందా సార్? లేకుంటే పాలిటెక్నిక్‌లో చేర్పించాల్నా?
ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: అవుతుందండీ. కానీ బంపర్ అతికించడం ఒక్కటే నేర్చుకుని ఆగిపోతే కాదు. చురుకైన కుర్రాడికి అతుకు వేయడం కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ఆ అతుకు కనపడకుండా, పక్కనున్న ఫెండర్ (చక్రం మీది రేకు) రంగుతో కలిసిపోయేట్టు పెయింట్ కొట్టడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. కారు ఓనరు జేబులోంచి డబ్బు తీసేది ఆ రెండో పనికే. కాబట్టి మీవాణ్ణి పెయింటర్‌గా తయారవ్వమనండి, ప్లాస్టిక్ పని చేతిలో ఉంటే అది అదనపు బలం.

పని దొరుకుతుందా అనే అనుమానం తిరుపతి విషయంలో నాకు లేదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో దర్శనానికి వచ్చిన కుటుంబం కారు లాడ్జి సెల్లార్‌లో స్తంభానికి తగిలిందనుకోండి. వాళ్ళకి షోరూమ్‌లో వచ్చే బుధవారం అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, సాయంత్రానికి బంపర్ నేలకి ఈడ్చుకోకుండా ఊరు చేరాలి. ఇక టాక్సీలు. బండి షెడ్డులో నిలబడితే ఆరోజు కిరాయి పోయినట్టే. ఎనిమిదేళ్ళ లోపు టాక్సీకి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. వేలాడే బంపర్‌తో ఎఫ్‌సీకి ఎవరూ పోరు. ఇది మీ బావమరిదికి నాకంటే బాగా తెలుసు.

ఇన్సూరెన్స్ ఉంటే కొత్త బంపరే వేయించుకోరా అంటారేమో. లెక్క చూడండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి 50 శాతం తరుగు కోసేస్తారు. కారు కొన్నది నిన్ననే అయినా అంతే. 1500 సీసీ దాకా ఉన్న కారుకి మరో వెయ్యి రూపాయలు ఓనరే పెట్టుకోవాలి. బంపర్ ఖరీదు ఆరువేలు అనుకుంటే, మూడువేలు తరుగు, వెయ్యి ఇదీ పోగా బంపర్ కింద కంపెనీ ఇచ్చేది రెండువేలు. ఆ రెండువేల కోసం క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ ఎగిరిపోతుంది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై పోనుపోను 50 శాతం దాకా పెరిగే రాయితీ అది. అందుకే ఐదారేళ్ళు దాటిన కారున్నవాడు చేతి డబ్బు పెట్టి రిపేరు చేయించుకుంటాడు. మీవాడి గిరాకీ ఆ బండ్లే. తరుగు కోయని జీరో డెప్ పాలసీతో తిరిగే కొత్త కారు బంపర్ మార్చుకుని వెళ్ళిపోతుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మామ కారు బంపర్ అతికించాడన్నారు, సంతోషం. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఒక్కమాట అడగండి: "అది ఏ ప్లాస్టిక్‌రా?" అని. "బంపర్ ప్లాస్టిక్" అన్నాడంటే పని ఇంకా మొదలు కాలేదని అర్థం. బంపర్ విప్పి లోపలి వైపు టార్చి కొట్టి చూస్తే అచ్చులోనే పోసిన అక్షరాలు కనపడతాయి. పీపీ ప్లస్ ఈపీడీఎం అని ఉండి పక్కన టీ 20 అని ఉంటే, అది రబ్బరు కలిసిన పాలీప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్క్ పొడి ఉందన్నమాట. ముందు గ్రిల్ చాలా బండ్లలో ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్. హెడ్‌లైట్ పైన అద్దంలా ఉండేది పాలీకార్బొనేట్. అతుకులో కరిగించి నింపే ప్లాస్టిక్ కడ్డీ కూడా అదే జాతిది కావాలి, పీపీ కడ్డీ మిగతా రెండిటికీ అతకదు. అక్షరాలు చెరిగిపోయిన ముక్కని నీళ్ళలో వేసి, తేలితే పీపీ అని తేల్చేసే మేస్త్రీలున్నారు. టాల్క్ ఎక్కువ కలిసిన పీపీ మునుగుతుంది, కాబట్టి ఆ పరీక్షని నమ్ముకోకూడదు. బంపర్ వెనక కనపడని చోట కడ్డీ కొసని కరిగించి అంటించి, చల్లారాక పట్టకారుతో పట్టి లాగాలి. సాగి తెగితే రెండూ ఒకే జాతి. పెచ్చులాగా శుభ్రంగా ఊడొచ్చిందంటే కాదు.

పీపీ మహా మొండి సరుకు. మామూలు జిగురు దానికి పట్టదు, రంగూ పట్టదు. క్విక్ గమ్ పూసిన బంపర్ మొదటి స్పీడ్‌బ్రేకర్ దాకానే. సరిగ్గా చేసేవాళ్ళు ముందు బంపర్ కడిగి మడ్డి, మైనం వదిలిస్తారు. పగులు ఎక్కడ ఆగిందో చూసి ఆ కొసన చిన్న రంధ్రం వేస్తారు, అది ఇంకా ముందుకి పాకకుండా. వెనక వైపు పగులు వెంబడి 'వి' ఆకారంలో గాడి తీసి, హాట్ స్టేప్లర్‌తో వంకీ పిన్నులు దించో, స్టీలు జాలీ కరిగించి కూర్చో, ఆపైన కడ్డీ నింపుతారు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది. వేడి చాలకపోతే కడ్డీ పైపైన కూర్చుంటుంది, ఎక్కువైతే ప్లాస్టిక్ మాడి పెళుసుబారుతుంది. ఆ మధ్యలో చెయ్యి నిలవాలి. నిజానికి పగుళ్ళ కంటే ఎక్కువగా పోయేవి పక్కల ఫెండర్‌కి పట్టుకునే లాకులు. గోరంత ముక్క విరిగితే బంపర్ మొత్తం నోరు తెరుస్తుంది. తుక్కు బంపర్లు పారేయకుండా గోడకి పేర్చుకుని, వాటిలోంచి అదే రకం లాకుని కోసి అతికించే షెడ్డు కనపడితే, మీవాడు చేరాల్సింది అలాంటి చోట.

ఇక రంగు సంగతి. పీపీ మీద నేరుగా ప్రైమర్ కొడితే కొన్నాళ్ళకి పొరలు పొరలుగా లేస్తుంది, ముందు అడ్హీషన్ ప్రమోటర్ అనే, రంగు పట్టేట్టు చేసే పూత కొట్టాలి. లప్పం కూడా రేకుకి పెట్టేది కాకుండా, బంపర్‌తో పాటు వంగే రకం కావాలి. కలర్ కోడ్ బండి మీదే ఉంటుంది, అది చూసి రంగు కలపొచ్చు, నిజమే. కానీ అదే కోడ్ ఉన్న తెల్లకారు తిరుపతి ఎండలో ఆరేళ్ళు నిలబడ్డాక వేరే తెలుపు అయిపోతుంది. మెటాలిక్ సిల్వర్ అయితే మరీ అన్యాయం. గన్‌లో గాలి ప్రెషర్ కొంచెం మారినా, చెయ్యి కొంచెం దూరం జరిగినా, డబ్బాలో ఉన్న అదే రంగు ముదురుగానో లేతగానో పడుతుంది. రెండు డోర్ల అవతల నిలబడి చూసి "ఇది కలవలేదు" అని పట్టేసే కన్ను మీవాడికి ఉందా, లేకపోతే వచ్చేదాకా వాటర్ పేపర్ పట్టుకుని తడి బంపర్ రుద్దే ఓపిక ఉందా? ఈ రెండో ప్రశ్నకి జవాబు వాడికంటే మీకే బాగా తెలిసి ఉంటుంది.

దారి ఇది. ముందు సప్లిమెంటరీ రాయించండి. షెడ్డు ఎక్కడికీ పోదు. ఐటీఐకి పదో తరగతి చాలు, అయినా ఇంటర్ పాసైన కాగితం ఇంట్లో ఉంటే రేపు దేనికైనా అక్కరకొస్తుంది. తర్వాత ఐటీఐలో 'మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్' అని ఏడాది ట్రేడు ఉంది. 'మెకానిక్ ఆటో బాడీ రిపేర్' కూడా ఏడాదే. అన్ని ఐటీఐల్లో అన్ని ట్రేడులూ ఉండవు కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఎక్కడ సీట్లున్నాయో కనుక్కోండి, పక్క జిల్లా అయినా హాస్టల్లో ఉండి చదవొచ్చు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా ఏదైనా కార్ల కంపెనీ అధీకృత వర్క్‌షాపులో బాడీషాపు వైపు చేరాలి. ఇంజన్ వైపు కాదు, ఇది గట్టిగా అడిగి చేరమనండి. పెయింట్ బూత్, రంగు కలిపే మిషన్, కొలత ప్రకారం పని చేసే పద్ధతి వాడికి కనపడేది అక్కడే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో 25 శాతం, నెలకి 1,500 రూపాయల దాకా, కేంద్రమే భరిస్తుంది. అందుకని వర్క్‌షాపు వాళ్ళు మరీ ముఖం తిప్పుకోరు.

పాలిటెక్నిక్ గురించి అడిగారు. లెక్కలు, ఫిజిక్స్ తప్పిన కుర్రాణ్ణి డిప్లొమాలో వేస్తే మొదటి ఏడాది మళ్ళీ ఆ రెండే ఎదురొస్తాయి. ఇప్పుడే ఆ పోరు పెట్టొద్దని నా అభిప్రాయం. అయితే డిప్లొమాని చిన్నచూపు చూడను. బంపర్‌ని రిపేరు చేయాలా మార్చాలా అని తేల్చే ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్సుకి మెకానికల్ లేదా ఆటోమొబైల్ డిప్లొమా ఒక అర్హత. రెండు మూడేళ్ళు షెడ్డులో చెయ్యి తిరిగాక చదువు మీద మనసు పుడితే అప్పుడు చూసుకోవచ్చు. అసలు వాడికి నచ్చింది కార్లు కాదు, ప్లాస్టిక్ అని తేలితే అది వేరే కథ. విజయవాడలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ఉంది, పదో తరగతి మీద ప్లాస్టిక్స్‌లో మూడేళ్ళ డిప్లొమాలు చెబుతుంది. బంపర్లు అచ్చుపోసే ఫ్యాక్టరీ ఉద్యోగాలకి పోవాలంటే ఆ తలుపు తట్టాలి.

ఒక విషయంలో మాత్రం మెత్తగా ఉండొద్దు. రెండు డబ్బాలు కలిపి కొట్టే టూకే పెయింట్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి పడితే ఆస్తమా అంటుకుంటుంది, ఒకసారి అంటుకున్నాక కొంచెం వాసనకే ఆయాసం లేస్తుంది. ముక్కుకి కట్టుకునే కర్చీఫు, మందుల షాపులో దొరికే నీలం మాస్కు వీటికి అడ్డం కావు. కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ కనీసం ఉండాలి, మూసిన బూత్‌లో అయితే బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు కావాలి. ఏబీఎస్ కరిగించినప్పుడు వచ్చే పొగ కూడా పీల్చేది కాదు. మీరు ఒకరోజు తిరుపతి పోయి ఆ షెడ్డులో ఓ గంట కూర్చుని, గన్ పట్టినవాడి ముఖానికి ఏముందో చూసి రండి.

ముందుముందు ఈ పని ఉంటుందా అని మీరు అడగలేదు, కానీ చెప్పాలి. 2019 జులై నుంచి మన దేశంలో తయారైన కొత్త కార్లకి రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. అవి వెనక బంపర్‌లోనే కూర్చుంటాయి. వాటి మీద మందంగా రంగు కొడితే సరిగ్గా పనిచేయవు. ఖరీదైన బండ్లలో ముందు బంపర్ వెనక రాడార్ కూడా వస్తోంది. దాని ఎదురుగా లప్పం పెట్టి అతుకు వేస్తే అది దారి తప్పుగా చూస్తుంది, చాలా కంపెనీలు ఆ భాగంలో రిపేరే వద్దంటాయి. కాబట్టి "ఇది నేను చేయను, మార్చుకోండి" అనే మాట కూడా మీవాడు నేర్చుకోవాలి. సొంత షెడ్డు ఆలోచన ఆ తర్వాత. అప్పుడు సొంత పని పెట్టుకునేవాళ్ళకి ముద్ర లోనుంది, పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ పథకం ఉంది, ఇప్పట్నుంచే బ్యాంకు చుట్టూ తిరగొద్దు.

ముప్పై వేలు మాత్రం ఇవ్వకండి. అప్రెంటిస్‌కి యజమాని డబ్బిచ్చే పని ఇది, మనం ఎదురు కట్టేది కాదు. పైగా బంపర్లు విప్పడం, కడగడం, రుద్దడం ఇప్పటికే వాడి చేత చేయించుకుంటున్నాడు కదా. ఐటీఐ అడ్మిషన్లు మొదలయ్యేదాకా అక్కడే ఉంటానంటే ఉండనివ్వండి. చదువుకి రెండు పూటలు వదలాలి, రోజుకూలీ ఎంతో చెప్పాలి, పెయింట్ కొట్టేటప్పుడు రెస్పిరేటర్ ఇవ్వాలి అని షెడ్డాయనతో మీరే మాట్లాడండి, మధ్యలో బావమరిదిని పెట్టొద్దు. ఆయన ఒప్పుకోకపోతే రేణిగుంట రోడ్డు పొడుగునా వర్క్‌షాపులే.