ఏబీఎస్ లైటు ఆరడం లేదు, సెన్సర్ ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా కారులో పసుపు రంగు ఏబీఎస్ లైటు ఆరడం లేదు. ముందు ఎడమ చక్రం సెన్సర్ లోపమని స్కానర్‌లో వచ్చింది. నేనే మార్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మార్చుకోవచ్చండీ. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేదే ఏబీఎస్, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి చెప్పేది ఈ సెన్సర్. కానీ కొత్తది కొనేముందు పాతది విప్పి చూడండి. మా షెడ్డుకి ఇదే ఫిర్యాదుతో వచ్చే బళ్లలో సెన్సర్ బాగానే ఉండి, దాని కొనకు ఇనుప పొడి అట్టకట్టి ఉండడం ఎన్నోసార్లు చూశాను. చాలా సెన్సర్ల కొనలో అయస్కాంతం ఉంటుంది, బ్రేకు డిస్కు అరిగిన పొడినంతా అది లాక్కుంటుంది. తుడిస్తే సరిపోవచ్చు. వైరు కూడా చూడండి, ముఖ్యంగా స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోట.

పని సమతలంగా ఉన్న నేల మీదే చెయ్యాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపాక స్టాండు తప్పనిసరిగా వెయ్యండి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, దయచేసి. ఇగ్నిషన్ ఆపాకే సెన్సర్ వైరు ప్లగ్గు ఊడదీయండి. సెన్సర్‌కి సాధారణంగా ఒక్క బోల్టే ఉంటుంది. తుప్పుకి బిగుసుకుంటే తుప్పు వదిలే స్ప్రే కొట్టి, కాసేపాగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. సుత్తి వాడితే ప్లాస్టిక్ విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. కొత్త వైరును పాత క్లిప్పుల్లోనే బిగించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా లాగకూడదు.

ఏబీఎస్ లేకపోయినా మామూలు బ్రేకు పనిచేస్తుంది, కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం బండి కదపకుండా మెకానిక్‌ని ఇంటికే పిలవండి.