హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల దగ్గుకు రెండు వారాల లెక్క లేదు

"మా అన్నకు హెచ్‌ఐవీ. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు తప్పకుండా వేసుకుంటాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కూడా బాగా తగ్గింది. తాడిపత్రిలో బండల పాలిష్ పని. వారంగా దగ్గు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇంకో వారం చూడొచ్చా?" అని ఒకరు అడిగారు.

చూడొద్దు. టీబీ ఉందేమో చూడటానికి రేపే కళ్లె పరీక్షకు పంపండి. 'రెండు వారాలు మించిన దగ్గు' అని గోడల మీద రాసేది మామూలు జనం కోసం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఒక్కరోజు దగ్గైనా లెక్కలోకి వస్తుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టీబీకి చూడాల్సిందే. ఏఆర్‌టీ సెంటర్లో వెళ్లినప్పుడల్లా ఈ నాలుగూ అడిగేది అందుకే. బస్సు టైమైందని "ఏం లేదు మేడం" అనేసి మందులు తీసుకుని వచ్చేయకూడదు. వైరల్ లోడ్ తగ్గితే టీబీ ప్రమాదం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఎక్స్‌రే బాగుందని నిమ్మళంగా ఉండకండి. టీబీలో ఊపిరితిత్తికి గుంత పడేది మన ఒంట్లోని రక్షణ కణాలు క్రిమితో పోరాడటం వల్ల. సీడీ4 (ఆ రక్షణ కణాల లెక్క) బాగా పడిపోయినవాళ్లలో ఆ పోరాటం అంతగా ఉండదు, గుంతా పడకపోవచ్చు, ఫిల్మ్ శుభ్రంగా కనిపించొచ్చు. కళ్లెలో క్రిములు కూడా తక్కువే. కాబట్టి మైక్రోస్కోపులో నెగటివ్ వస్తే చాలదు, క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ పరీక్ష చేయమని అడగండి. సీబీనాట్ మిషన్‌లో పెట్టాక రెండు గంటల్లో ఫలితం వస్తుంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

చాలాసార్లు పరీక్ష చెడేది మిషన్ దగ్గర కాదు, డబ్బీలో. కళ్లె అడిగితే ఉమ్మి ఇస్తారు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించాలి. మిద్దె మీదికో పెరట్లోకో, గాలి ఆడే చోటికి వెళ్లాలి, పక్కన ఎవరూ ఉండకూడదు. గట్టిగా ఊపిరి పీల్చి కొన్ని క్షణాలు బిగబట్టి వదలాలి. అలా రెండు మూడుసార్లు చేశాక కడుపులోంచి దగ్గాలి. జిగటగా, చిక్కగా వచ్చిందే కళ్లె. నీళ్లలా నురగగా ఉంటే మళ్లీ ప్రయత్నించాలి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు చాలు. మూత బిగించి, ఎండ తగలనీయకుండా అదేరోజు చేర్చాలి. ఎంత దగ్గినా రాకపోతే 3 శాతం ఉప్పునీటితో నెబ్యులైజర్ పట్టి తీయిస్తారు, అడగండి.

ఈలోపు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు మాత్రం వేయించొద్దు. అది టీబీ క్రిమిని సగం అణచి పెడుతుంది. దగ్గు వారం తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరకదు, రోగం లోపల పెరుగుతుంది. ఇలా నెలలు పోగొట్టుకునేవాళ్లను తలుచుకుంటే కడుపు మండుతుంది.

టీబీ తేలితే, టీబీ మందులు రాసే డాక్టరుకు ఏఆర్‌టీ కార్డు చూపించండి. ఏఆర్‌టీలో భాగంగా డోలుటెగ్రవిర్ మాత్ర వేసుకుంటున్నవాళ్లలో రిఫాంపిసిన్ దాని బలం తగ్గిస్తుంది. అందుకే రోజూ ఆ మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్ ఇస్తారు, రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు కొనసాగిస్తారు. టీబీ లేదని తేలితే, రాకుండా ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు రోజూ ఆరు నెలలు, తోడు బీ6 మాత్ర. ఇదివరకే వాడాడేమో కార్డులో చూడండి.

పొడి దగ్గుతో పాటు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే అది వేరే న్యుమోనియా కావచ్చు. దాంట్లోనూ మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూర్చున్నప్పుడు 97 చూపించి, కాసేపు నడిచాక 92కు పడితే అదేరోజు అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. సీడీ4 తక్కువగా ఉన్నవాళ్లకు కోట్రైమోక్సజోల్ రోజూ ఇచ్చేది ముఖ్యంగా దీన్ని ఆపడానికే.

ఇక ఆ పాలిష్ పని సంగతి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తిని గట్టిపరిచి టీబీకి చోటిస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో చూసింది ఇదే: సిలికోసిస్, హెచ్‌ఐవీ కలిస్తే టీబీ ముప్పు కూడిక కాదు, గుణకారం. మామూలు నల్లబండ కంటే గ్రానైట్‌లో సిలికా చాలా ఎక్కువ. పొడిగా కోయించొద్దు, బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి. మూతికి కట్టుకునే తువ్వాలు సన్నదుమ్మును ఆపదు, ఎన్95 మాస్క్ కావాలి, అదీ గడ్డం ఉంటే అంచుల్లో గాలి దూరుతుంది. నేల ఊడ్చే పని ఇంకొకరికి ఇవ్వమని యజమానిని అడగండి, కారణం చెప్పాల్సిన పని లేదు. బీడీ తాగుతుంటే ఈరోజే ఆపించండి.