డిఫర్ అయ్యాక అప్‌డేట్ లెటర్ పంపాలా?

మీ పాపను డిసెంబర్‌లో అమెరికా యూనివర్సిటీ డిఫర్ చేసింది (అంటే సీటు ఇచ్చేదీ లేనిదీ అప్పుడే తేల్చకుండా వాయిదా వేసింది), ఇప్పుడు అప్‌డేట్ లెటర్ పంపాలా, అందులో ఏం రాయాలి అని అడిగారు. పంపండి. అయితే ముందు ఆ యూనివర్సిటీ పోర్టల్లో ఏం రాసి ఉందో పూర్తిగా చదవండి. ఎంఐటీ ఫిబ్రవరిలో ఒక ఫారం ఇస్తుంది, కొత్త సంగతులు అందులోనే రాయాలి. కొందరు పోర్టల్లో అప్‌లోడ్ చేయమంటారు, కొందరు ఏమీ పంపొద్దంటారు. వద్దన్నచోట పంపకండి.

మా అమ్మాయికీ ఇలాగే అయింది. మేముండే కూకట్‌పల్లిలో కన్సల్టెన్సీలకు కొదవ లేదు. ఒకాయన రెడీమేడ్ లెటర్ చేతిలో పెట్టారు. 'మీ ప్రతిష్ఠాత్మక విద్యాసంస్థ' అంటూ మొదలై చివరిదాకా పొగడ్తలే. పేరు మారిస్తే ఏ యూనివర్సిటీకైనా పంపేయొచ్చు! అది పక్కన పెట్టి తననే రాయమన్నాను.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మెన్ల పిల్లలకు ఆదివారం లైబ్రరీ నడుపుతున్నానని తను అప్లికేషన్‌లో రాసింది. లెటర్‌లో ఆ కథంతా మళ్లీ చెప్పలేదు. అప్లై చేశాక ఏం మారిందో అదే రాసింది. రిజిస్టర్ ఇప్పుడు ఐదో తరగతి పాప రాస్తోందని, తెలుగు పుస్తకాలకు ఎర్ర గీత, ఇంగ్లిష్ వాటికి నీలం గీత పెట్టడం ఆ పాప ఆలోచనేనని, ప్రీఫైనల్స్ వల్ల తను వెళ్లని ఆదివారం కూడా లైబ్రరీ తెరిచారని రాసింది. లెటర్ మొత్తానికి ప్రాణం ఆ నాలుగు ముక్కలే అని నా నమ్మకం.

'సీటిస్తే తప్పకుండా చేరతాను' అనే మాట ఒక్క యూనివర్సిటీకే రాయాలి, అదీ ఫీజు సంగతి ఇంట్లో తేల్చుకున్నాకే. నలుగురికీ అదే మాట రాయడం అబద్ధమే కదండీ.

మార్కులు మాత్రం లెటర్‌లో రాస్తే సరిపోదు. మిడ్‌ఇయర్ రిపోర్ట్, అంటే ఈ ఏడాది సగం వరకు వచ్చిన మార్కుల నివేదిక, కాలేజీ నుంచే వెళ్లాలి. ఇంటర్ అయితే జనవరిలోనే ప్రిన్సిపాల్‌ను కలవండి, పబ్లిక్ పరీక్షల హడావిడి మొదలైతే ఆఫీసులో ఎవరూ దొరకరు. లెటర్ ఒక పేజీ దాటకూడదు, జనవరి చివరికి వెళ్తే చాలు. మీరు తల్లిదండ్రులుగా విడిగా మెయిల్ పెట్టకండి.

లెటర్ పంపినంత మాత్రాన సీటు ఖాయం కాదు. మా అమ్మాయిని మార్చిలో వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. మీకూ అలా వస్తే, దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకుండా, సీటు వచ్చిన మరో చోట మే 1 లోపు డిపాజిట్ కట్టేయండి. తర్వాత వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపొస్తే ఆ డిపాజిట్ పోతుంది, కానీ చేతిలో ఒక సీటు ఉంటుంది. మేం అలాగే చేశాం, తను డిపాజిట్ కట్టిన చోటే చేరింది.