గ్రాట్యుటీ ముందే కట్టేశాం, మళ్లీ రేవులో పెట్టెలు తీసుకునే పోర్టర్‌కి టిప్ ఇవ్వాలా?

మీరు మయామీ నుంచి అత్తమామల్ని క్రూజ్‌కి తీసుకెళ్తున్నారు. గ్రాట్యుటీ, అంటే షిప్ సిబ్బందికి ముందే ఇచ్చే టిప్, ఆన్‌లైన్‌లో కట్టేశారు. అయినా రేవు దగ్గర పెట్టెలు అందుకునేవాళ్లకి విడిగా ఇవ్వాలా అని, ఇవ్వకపోతే పెట్టెలు షిప్ ఎక్కవని ఒక స్నేహితురాలు చెప్పిన మాట నిజమేనా అని అడిగారు.

ఇవ్వండి. పెట్టెకి రెండు డాలర్లు ఇస్తే మర్యాదగా ఉంటుంది. ఇవ్వలేకపోయినా పెట్టె షిప్ ఎక్కుతుంది. మీ స్నేహితురాలు చెప్పిన భయం ఒకప్పుడు నాకూ ఉండేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేము ఉండేది హ్యూస్టన్ దగ్గర. గాల్వెస్టన్ రేవు కారులో గంట ప్రయాణం. మొదటిసారి వెళ్లింది అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు. మేం నలుగురం, వాళ్లిద్దరు, మొత్తం ఏడు పెట్టెలు. టెర్మినల్ ముందు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి, వెనకవాళ్లు తొందరపడుతున్నారు, పోలీసు చెయ్యి ఊపుతూ ముందుకు జరగమంటున్నాడు. డిక్కీ తెరవగానే మెరిసే పసుపు జాకెట్ వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి పెట్టెలు దించడం మొదలుపెట్టాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "హమాలీ ఎంతో ముందు మాట్లాడమ్మా, తర్వాత గొడవ వద్దు" అన్నారు.

నాన్న ముప్పై ఏళ్లు పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాశారు. బేలుకి హమాలీ ఎంత, దింపుడు ఎంత, ఎత్తుడు ఎంత అన్నీ ఆయన పుస్తకంలో విడివిడిగా ఉండేవి. సికింద్రాబాద్ స్టేషన్లో కూడా ఎర్రచొక్కా ఆయన పెట్టె తలమీద పెట్టుకోకముందే రేటు తేల్చుకునేవారు. అది పీనాసితనం కాదు. ముందు మాట తేల్చుకోవడమే అవతలి మనిషికి ఇచ్చే గౌరవమని ఆయన నమ్మకం. ఇక్కడ రేటు ఉండదు, ఇచ్చేది మన ఇష్టం అని చెబితే ఆయనకి నచ్చలేదు. "ఇష్టం అంటే ఎంతో ఎలా తెలుస్తుంది?" అన్నారు. మీరు అడిగిందీ అదే కదా.

ఈలోగా ఆ పెద్దాయన అమ్మ సూట్‌కేసు దగ్గర ఆగాడు. నేను ఇంట్లో ప్రింట్ తీసిన ట్యాగ్ తప్పుగా మడిచి, కేబిన్ నంబరు లోపలికి పోయేలా అంటించాను. పైగా అమ్మ గుర్తుకోసం హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కట్టింది, ట్యాగ్ ఆ ముడికింద నలిగిపోయింది. ఆయన దాన్ని విప్పి, నంబరు పైకి కనబడేలా మళ్లీ మడిచి, రిబ్బన్‌కి అవతలి పక్క చుట్టి, నడుముకి తగిలించుకున్న స్టేప్లర్‌తో రెండు పిన్నులు కొట్టాడు. ఒకసారి గట్టిగా లాగి చూశాడు. అప్పుడు అమ్మ వైపు, నాన్న వైపు చూసి, "పాస్‌పోర్టులు, మందులు చేతిలోనే ఉన్నాయా?" అని అడిగాడు.

పాస్‌పోర్టులు నా దగ్గరే ఉన్నాయి. నాన్న బీపీ, షుగర్ మాత్రల డబ్బా మాత్రం పెద్ద సూట్‌కేసులో ఉంది. అది అప్పటికే ఆయన ఇనప బండిలోకి వెళ్లిపోయింది, దానిమీద ఇంకో రెండు పెట్టెలున్నాయి. ఆయన విసుక్కోలేదు. పైవి రెండూ దించి, అడుగుది బయటికి లాగి, నేలమీద పరిచి ఇచ్చాడు. పంచెల మడతల కింద నుంచి డబ్బా తీశాం. మధ్యాహ్నం రెండింటికి వేసుకోవాల్సిన మాత్ర అందులోనే ఉంది. పెట్టెలు షిప్‌లో మా కేబిన్ గుమ్మం ముందుకి వచ్చింది సాయంత్రం ఆరు దాటాక.

ఏడు పెట్టెలకి పదిహేను డాలర్లు అనుకుని చేతిలో పెట్టుకున్నాను. మడిచి ఇచ్చేశాను. ఆయన చూడకుండానే జేబులో పెట్టుకుని, నాన్నకి చెయ్యి కలిపాడు. ఎంతిచ్చావని నాన్న అడిగారు, చెప్పాను. "అడక్కుండా దించి మళ్లీ ఎత్తాడు. ఇంకో అయిదు ఇవ్వు" అన్నారు. ఆ అయిదూ నాన్నే తన చేత్తో ఇచ్చారు.

ఇప్పుడు మీ గ్రాట్యుటీ సంగతి. ఆన్‌లైన్‌లో కట్టింది షిప్‌లో పనిచేసేవాళ్లకి: కేబిన్ శుభ్రం చేసేవాళ్లు, భోజనం వడ్డించేవాళ్లు, వాళ్ల వెనక ఉండే సిబ్బంది. పెద్ద అమెరికన్ క్రూజ్ కంపెనీల్లో మామూలు కేబిన్‌కి మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా పడుతుంది. రేవులో పెట్టె అందుకునే మనిషి షిప్ ఉద్యోగి కాదు, ఆ ఊరి రేవు కార్మికుడు. మీరు కట్టిన దాంట్లో ఆయనకి ఏమీ రాదు.

అలాగని ఆయన టిప్పుల మీదే బతుకుతున్నాడనీ అనుకోకండి. అమెరికా తూర్పు తీరంలో, గాల్వెస్టన్ ఉన్న గల్ఫ్ తీరంలో చాలా రేవుల్లో ఈ పని చేసేవాళ్లు ఇంటర్నేషనల్ లాంగ్‌షోర్‌మెన్స్ అసోసియేషన్ సభ్యులు. 1892 నుంచీ ఉన్న రేవు కార్మికుల సంఘం అది. వాళ్లకి గంటకి ఒప్పుకున్న కూలి ఉంటుంది. 2024 అక్టోబరు 1న ఆ సంఘం సమ్మెకి దిగినప్పుడు మూడు రోజులు కంటైనర్ల పని ఆగిపోయింది. మాకు ఆ నెలాఖరుకి రెండో క్రూజ్ బుక్ అయి ఉంది, రోజూ వార్తలు చూస్తూ కూర్చున్నాం. ప్రయాణికుల షిప్‌ల పని మాత్రం ఆపబోమని సంఘం ముందే చెప్పింది. ఎక్కడికో వెళ్లాలని ఏడాది ముందు నుంచి డబ్బు దాచుకున్న కుటుంబాల్ని గుర్తుపెట్టుకున్నందుకు నాకు వాళ్లంటే గౌరవం పెరిగింది.

గాల్వెస్టన్‌లో ఈ సంఘాల చరిత్ర ఇంకా పాతది. 1883లో నోరిస్ రైట్ క్యూనీ అనే నల్లజాతి నాయకుడు అక్కడి నల్లజాతి కూలీలతో ఒక సంఘం కట్టారు. అప్పట్లో పత్తి బేళ్లని మరజాకీలతో ఓడ గదుల్లో కుక్కి నింపేవాళ్లు, కూలి బాగా వచ్చే పని అది. దాన్ని తెల్లవాళ్లే చేతిలో పెట్టుకున్నారు. క్యూనీ పట్టుబట్టి దాన్ని తనవాళ్లకీ ఇప్పించారు. షిప్‌లో రాత్రి భోజనం దగ్గర ఈ కథ చెబితే నాన్న చాలాసేపు బేళ్ల గురించే అడిగారు. ఒక్కో ఓడకి ఎన్ని పట్టేవి, మర తిప్పేది ఎంతమంది అని. నాకు తెలిసినంత చెప్పాను.

ఇక భయం సంగతి. మూడోసారి వేరే రాష్ట్రం నుంచి వెళ్లాం. అక్కడ పోర్టర్ పెట్టెలు తీసుకుని, చెయ్యి చాపి, "ఇవి జాగ్రత్తగా వెళ్లాలంటే చూసుకోవాలి కదా" అన్నట్టు మాట్లాడాడు. నా దగ్గర చిల్లర లేదు, భయపడి ఇరవై నోటు ఇచ్చేశాను. మా ఆయన రోజంతా బాధపడ్డారు, డబ్బు గురించి కాదు, బెదిరిపోయి ఇచ్చినందుకు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పెట్టె ఆ మనిషి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఎక్స్‌రే, అక్కణ్ణించి ఇనప బోనులో వందల పెట్టెలతో కలిపి ఫోర్క్‌లిఫ్ట్ మీద షిప్‌లోకి. కేబిన్ దాకా తెచ్చేది షిప్ సిబ్బంది. ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అలా ఎవరైనా అడిగితే పెట్టెలు వెనక్కి తీసుకుని ఇంకో పోర్టర్ దగ్గరికి వెళ్లండి, పక్కనే పదిమంది ఉంటారు. చిన్న పెట్టెలైతే మీరే లాక్కుంటూ లోపలికి వెళ్లొచ్చు, ఎవరూ కాదనరు.

నిజంగా పెట్టె ఆలస్యమయ్యేది వేరే కారణానికి. లోపల పెట్టకూడనివి ఉంటే ఎక్స్‌రేలో పట్టుకుని పక్కన పెడతారు. మన ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. చిన్న రైస్ కుక్కర్, టీ కెటిల్, ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏవీ పెట్టకండి. ఇంట్లో చేసిన పులిహోర, పచ్చళ్లు కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. అత్తగారికి ముందే చెప్పేయండి. కష్టపడి ఆవకాయ ప్యాక్ చేశాక అక్కడ తీసేయమంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉంచుకోండి.

నన్నడిగితే ఎక్కే రోజు కన్నా దిగే రోజే ఎక్కువ ఇవ్వాలి. ముందురోజు రాత్రి పెట్టెలకి నంబరు ట్యాగులు కట్టి గుమ్మం బయట పెడతాం. పొద్దున్న దిగేసరికి అవి పెద్ద హాల్లో నంబర్ల వారీగా వరసలో ఉంటాయి. అక్కడ పోర్టర్‌ని పిలిస్తే మన పెట్టెలు వెతికి, బండిమీద పెట్టి, కస్టమ్స్ దాటించి, కారు వచ్చేదాకా మనతోనే నిలబడతాడు. చాలా టెర్మినళ్లలో పోర్టర్‌తో వెళ్తే వేరే వరస ఉంటుంది, త్వరగా బయటపడతాం. పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఇది చాలా పెద్ద సాయం. పది నిమిషాల పని ఎక్కేటప్పుడు, అరగంట పని దిగేటప్పుడు. మేం ఆ రోజు ఇరవై ఇచ్చాం.

ఇదంతా అమెరికా రేవుల మాట. సింగపూర్ నుంచి ఎక్కితే టిప్ అలవాటు లేదు, జపాన్‌లో అసలు తీసుకోరు. అక్కడ నమస్కారం పెట్టి రావడమే.

మీరు ఆరు పెట్టెలన్నారు కాబట్టి ఎక్కేటప్పటికి పన్నెండు డాలర్లు, దిగేటప్పటికి ఒక ఇరవై. ఏటీఎంలో ఎక్కువగా ఇరవై నోట్లే వస్తాయి. ముందురోజు పెట్రోలు కొట్టించేచోట ఏదైనా కొని ఒకట్లు, అయిదులు తెచ్చుకోండి. వాటిని పర్సులో కాకుండా ముందు జేబులో విడిగా పెట్టుకోండి, వెనక కార్లు ఆగి ఉంటే పర్సు వెతకడం కుదరదు. అత్తగారికి మోకాళ్ల నొప్పి అన్నారు కదా, వీల్‌చైర్ కావాలని ఇప్పుడే క్రూజ్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. తోసుకెళ్లే మనిషి వేరే, ఆయనకి విడిగా ఒక అయిదు పది ఉంచండి. మామయ్యగారి మాత్రలు మాత్రం ఆయన చొక్కా జేబులోనో మీ చేతిసంచిలోనో ఉన్నాయని కారు దిగకముందే ఒకసారి చూసుకోండి.